ఫ్లోరైడ్ నీటికి నల్గొండ పద్ధతా, అల్యూమినా ఫిల్టరా?

నీటిలోని ఫ్లోరైడ్‌ను తీసేయడానికి నాగపూర్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ నీరి రూపొందించిన నల్గొండ పద్ధతికి కావాల్సినవి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు, కొళాయి బిగించిన 40 లీటర్ల బకెట్టు. పటికలో ఇరవయ్యో వంతు సున్నం చాలు. ముందు గబగబా కలిపి, తర్వాత పది నిమిషాలు నిదానంగా తిప్పితే దూదిపింజల్లా మడ్డి కడుతుంది, ఫ్లోరైడ్ అందులో చిక్కుకుంటుంది. గంటసేపు కదపకుండా ఉంచి, అడుగుకు నాలుగు సెంటీమీటర్ల పైనున్న కొళాయి నుంచి తేట పట్టుకోవాలి.

చిక్కంతా మోతాదులోనే. ఫ్లోరైడ్‌తో పాటు నీటి క్షారత కూడా కొలిచాకే పటిక తూచాలి. ఎక్కువైతే నీటిలో అల్యూమినియం, సల్ఫేట్ మిగులుతాయి. పైగా ఇది రోజూ చేయాల్సిన పని. జనం మానేసేది అందుకే.

యాక్టివేటెడ్ అల్యూమినాతో, అంటే ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచే అల్యూమినియం ఆక్సైడ్ గుళికలతో, ఆ బాధ లేదు, వాటి గుండా నీరు దిగితే సరి. అయితే అది బాగా పనిచేసేది పీహెచ్ 5.5-6 దగ్గర, అంటే నీరు కాస్త ఆమ్లంగా ఉన్నప్పుడు. క్షారత ఎక్కువున్న బోరు నీటిలో త్వరగా నిండిపోతుంది, ఇక ఫ్లోరైడ్‌ను పట్టదు. నిండినా రంగు మారదు, రుచీ మారదు! 1 శాతం కాస్టిక్ సోడాతో కడిగి, పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో సరిచేస్తే మళ్లీ పనికొస్తుంది. కడిగిన నీళ్లలో ఫ్లోరైడంతా ఉంటుంది కాబట్టి బోరు పక్కన పారబోయకూడదు.

ఫిల్టరు నుంచి వచ్చే నీటిని నెలకోసారైనా పరీక్షించే దిక్కులేని ఊళ్లో అల్యూమినా పెట్టకపోవడమే నయం.