ఊట పారబోయడమా, బైండోవరా?

నాటుసారా మీద ఎక్సైజ్ వాళ్లు ఎక్కువగా చేసేది దాడులే. వాగు ఒడ్డున పొదల్లో పాతిన డ్రమ్ములు వెతికి బెల్లం ఊట (సారా కాచేందుకు పులియబెట్టిన బెల్లం నీళ్లు) పారబోస్తారు. ఆ పూటకు సారా ఆగుతుంది. కానీ మనిషి దొరక్కపోతే కేసు నిలవదు. నల్లబెల్లం, పటిక అప్పిచ్చే వ్యాపారి ఉంటే కొద్దిరోజుల్లోనే మళ్లీ బట్టీ వెలుగుతుంది.

బైండోవర్ మనిషినే పట్టుకుంటుంది. పాత కేసులున్నవాణ్ని తహసీల్దార్ ముందు హాజరుపరిచి, మళ్లీ ఆ పని చేయనని జామీనుదార్లతో బాండు రాయిస్తారు. గడువులోపు మళ్లీ దొరికితే బాండు సొమ్ము కట్టాలి, లేదంటే జైలు. మా ఓటు దీనికే. అయితే గడువు తేదీ ఎవరూ చూసుకోకపోతే బాండు చిత్తుకాగితమే. భర్తను బాండుతో కట్టేస్తే, వేరే బతుకుతెరువు లేక భార్య పేరుతో బట్టీ నడుస్తుంది. తెలంగాణలో గుడుంబా (నాటుసారా) మానేసిన కుటుంబాలకు 2 లక్షల రూపాయల ఉపాధి సాయం పెట్టింది అందుకే.