సర్వర్ మెయిళ్లకు ఎంఎస్‌ఎంటీపీ: కొన్నేళ్లు వాడాక

రాత్రి బ్యాకప్ నడిచిందో లేదో పొద్దున్నే ఒక మెయిల్ వస్తే నాకు చాలు. దానికోసం ప్రతి మెషీన్‌లో పోస్ట్‌ఫిక్స్ అనే పూర్తిస్థాయి మెయిల్ సర్వర్ పెట్టి, దాని ఆలనాపాలనా చూసే ఓపిక లేదు. అందుకే కొన్నేళ్లుగా ఎంఎస్‌ఎంటీపీ (msmtp) అనే చిన్న ప్రోగ్రాం వాడుతున్నాను. ఇది మెయిల్ సర్వర్ కాదు. స్క్రిప్టు ఇచ్చిన మెయిల్‌ని జీమెయిల్ లాంటి అసలు సర్వర్‌కు అప్పజెప్పడమే దీని పని. మెయిల్ పంపే పాత కమాండ్ సెండ్‌మెయిల్ స్థానంలో పెట్టుకోవచ్చు కాబట్టి, చెప్పిన టైముకు స్క్రిప్టులు నడిపే క్రాన్‌లో పెద్దగా ఏమీ మార్చక్కర్లేదు.

సెట్టింగ్స్ నాలుగు లైన్లే గానీ పోర్టు దగ్గర జాగ్రత్త. 587 అయితే స్టార్ట్‌టీఎల్‌ఎస్ (మామూలుగా మొదలైన కనెక్షన్‌ని తర్వాత ఎన్‌క్రిప్షన్‌లోకి మార్చేది) ఆన్‌లో ఉండాలి. 465లో మొదటినుంచీ టీఎల్‌ఎస్సే, అంటే ఎన్‌క్రిప్షనే, కాబట్టి స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఆఫ్ చేయాలి, లేకపోతే కనెక్షన్ అలా వేలాడుతూ ఉంటుంది. పాస్‌వర్డ్ ఉన్న మన సొంత ఫైలు పర్మిషన్ 600 (మనం మాత్రమే చదివి, రాయగలిగేది) కంటే వదులుగా ఉంటే ససేమిరా పనిచేయదు. ఈ మొండితనం నాకు నచ్చింది. జీమెయిల్ అయితే 2022లో మామూలు పాస్‌వర్డ్‌తో ఇలాంటి లాగిన్లు ఆపేసింది కాబట్టి, టూ-స్టెప్ పెట్టుకుని యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి.

అసలు లోటు క్యూ లేకపోవడం. నెట్ పోతే మెయిల్ దాచిపెట్టి మళ్లీ ప్రయత్నించదు, ఎర్రర్ కోడ్ ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. కాబట్టి స్క్రిప్టులో ఆ కోడ్ సున్నానా (అంటే మెయిల్ పోయిందా) కాదా చూసి, కాసేపాగి మళ్లీ పంపే లూపు మనమే రాసుకోవాలి. క్యూ కోసం ఎంఎస్‌ఎంటీపీక్యూ అనే స్క్రిప్టు తోడు వస్తుంది. కానీ అంత అవసరం పడితే పోస్ట్‌ఫిక్సే నయం.

తెలుగులో సబ్జెక్టు పెట్టేవాళ్లకు ఇంకో సంగతి. ఇది హెడర్లను, అంటే సబ్జెక్టు లాంటి పై లైన్లను, ఎన్‌కోడ్ చేయదు, ఇచ్చింది ఇచ్చినట్టు పంపుతుంది. ఎకో కమాండ్‌తో నేరుగా తెలుగు సబ్జెక్టు పంపితే ఒక యాప్‌లో బాగానే కనబడి, ఇంకోదాంట్లో పిచ్చి గీతలు రావచ్చు. నేను మెయిల్‌ని, ఆ ఎన్‌కోడింగ్ చేసిపెట్టే పైథాన్ ఈమెయిల్‌మెసేజ్‌తో తయారుచేసి ఎంఎస్‌ఎంటీపీకి పైపు చేస్తాను (నేరుగా అందిస్తాను). మరి పంపడం కూడా పైథాన్‌లోనే చేయొచ్చుగా అంటారేమో, చేయొచ్చు. కానీ అప్పుడు ప్రతి స్క్రిప్టూ పాస్‌వర్డ్ గోల మోయాలి. ఇక్కడ అది ఒకే ఫైల్లో ఉంటుంది.

మెయిల్ ఎందుకు పోలేదో తేల్చడానికి లాగ్ ఫైలు చాలాసార్లు సరిపోతుంది. డీబగ్ ఆప్షన్ పెడితే సర్వర్‌తో జరిగిన సంభాషణంతా కనిపిస్తుంది. అందులో పాస్‌వర్డ్ సులువుగా విప్పగలిగే రూపంలో ఉండొచ్చు, సాయం అడుగుతూ ఎవరికైనా పంపేముందు ఆ లైన్లు తీసేయండి.