పేరు కొట్టగానే పాట రావాలి

కాకినాడ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ షష్టిపూర్తులకీ పాటల ప్రోగ్రాంలు చేసే ఆర్కెస్ట్రా మాది. అందులో కరోకే ట్రాకులు, అంటే గొంతు లేకుండా వాద్యాలు మాత్రమే ఉండే పాటలు, నడిపేది నేను. 11 ఏళ్ళుగా పోగేసినవి 41 వేల పైచిలుకు ఉన్నాయి. అన్నీ ఒకే మ్యూజిక్ లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకున్నాను, డబ్బు కట్టి కొన్నదే. తోటివాళ్ళు ఎవరు అడిగినా ఇదే తీసుకోండి అని చెప్పేవాణ్ణి. కారణం సెర్చ్. మూడు అక్షరాలు కొట్టేసరికి పాట కళ్ళ ముందు ఉండేది.

పోయిన నెల పెద్ద అప్‌డేట్ వచ్చింది, ఆ సెర్చ్ పోయింది.

సామర్లకోట దగ్గర ఒక షష్టిపూర్తి. భోజనాలయ్యాక ఫలానా పాట కావాలంటూ చీటీలు రావడం మొదలైంది. ఒక పెద్దాయన తన చీటీ తనే పట్టుకుని స్టేజి దగ్గరికి వచ్చారు. "బాబూ, ఘంటసాలగారి పాట. మా ఆవిడ పాడుతుంది. ఐదున్నర శ్రుతిలో ఉందా?" అన్నారు. ఆవిడ చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నారట.

నేను ప్రతి ట్రాకుకీ కామెంట్‌లో శ్రుతి, అంటే పాడే గొంతుకి సరిపోయే స్థాయి, అంకెల్లో రాసుకుంటాను. మగవాళ్ళకి 1, 1.5, ఆడవాళ్ళకి 5, 5.5. ఘంటసాల 5.5 అని కొడితే ఆ శ్రుతిలో ఉన్నవన్నీ వరసగా వచ్చేవి. ఆ రోజు 'ఘ' కొట్టాను, సున్నా కొట్టాను, 'ట' కొట్టాను. డబ్బాలో ఒక్క అక్షరం కనపడలేదు, గుండ్రం తిరుగుతోంది. కాసేపటికి అక్షరాలు ఒకటొకటిగా వచ్చి పడ్డాయి. అప్పటికే ఆవిడ మైకు తీసుకుని నిలబడ్డారు. కీబోర్డు వాయించే తమ్ముడు ఏవో స్వరాలు వాయిస్తూ నెట్టుకొచ్చాడు. ఇంటికొచ్చి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే 7 సెకన్లు. ఇంట్లో కూర్చుని వినేవాళ్ళు దాన్ని పట్టించుకోకపోవచ్చు. అంతమంది ముందు మైకు పట్టుకున్న మనిషికి అది ఎంతసేపో నేను చూశాను.

ఆ తర్వాత రెండు రాత్రులు దీని ముందే కూర్చున్నాను. డేటాబేస్ మళ్ళీ కట్టించాను, గంట పట్టింది, ఫలితం లేదు. యాంటీవైరస్ ఆ ఫోల్డర్ జోలికి పోకుండా చేశాను, తేడా లేదు. డేటాబేస్ ఫైలును మామూలు హార్డ్ డిస్క్ నుంచి అంతకన్నా వేగంగా ఉండే ఎస్‌ఎస్‌డీకి మారిస్తే 5 సెకన్లకు వచ్చింది. ఇంకా వెతికితే సెట్టింగ్స్‌లో ఒకటి దొరికింది. కొత్త వెర్షన్ పాట పేరు, గాయకుల పేర్లతో ఆగకుండా సాహిత్యంలో కూడా వెతుకుతోంది. సింగర్లు ట్యాబ్‌లో చూసి పాడుకోవడానికి నేను దాదాపు ప్రతి ట్రాకుకీ సాహిత్యం మొత్తం తెలుగులో ఎక్కించి పెట్టాను. ఆ టిక్కు తీసేస్తే 3 సెకన్లు.

అసలు జబ్బు మాత్రం వేరే. నోట్‌ప్యాడ్‌లో 'ఘంటసాల' అని టైప్ చేసి, కాపీ చేసి సెర్చ్‌లో పేస్ట్ చేశాను. సెకను లోపే జాబితా వచ్చేసింది! అంటే వెతకడం దానికి చేతకాక కాదు. ఘ, సున్నా, ట, స, దీర్ఘం, ల, కీబోర్డు మీద ఇవి ఆరు. కొట్టిన ప్రతిసారీ 41 వేల పాటలూ మొదటినుంచి వెతుకుతోంది. ముందు మొదలుపెట్టింది ఆపకుండా దాని మీద ఇంకొకటి. పేస్ట్ చేస్తే ఒక్కసారే వెతుకుతుంది కాబట్టి తొందరగా తేలిపోతోంది. ఒత్తులూ గుణింతాలూ ఉన్న మన పేర్లకి ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

ఇదంతా రాసి కంపెనీకి రెండు మెయిళ్ళు పెట్టాను. మీ కంప్యూటర్ పాతది, మార్చుకోండి అని జవాబు వచ్చింది. అప్‌డేట్‌కి ముందురోజు వరకూ ఇదే కంప్యూటర్ మీద రెప్పపాటులో వెతికిన సాఫ్ట్‌వేర్ ఇది. ఆ జవాబు నాకు నచ్చలేదు.

పాత వెర్షన్‌కి వెళ్దామంటే కొత్త డేటాబేస్‌ను అది తెరవదు. అప్‌డేట్‌కి ముందు పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న కాపీ ఉండబట్టి బయటపడ్డాను. మధ్యలో ఎక్కించిన 160 ట్రాకులకి శ్రుతులు మళ్ళీ రాసుకోవాల్సి వచ్చింది. మీరు అప్‌డేట్ చేసేముందు లైబ్రరీ ఫోల్డర్ మొత్తం వేరేచోట కాపీ పెట్టుకోండి, దయచేసి మర్చిపోకండి.

కొత్తదాంట్లో మంచి లేదని కాదు. ఒకే పాట రెండుసార్లు ఉంటే పట్టిచ్చే పద్ధతి చాలా బాగుంది, నావి 900 దాకా తీసేశాను. రెండు, మూడు వేల పాటలున్నవాళ్ళకి ఈ నెమ్మది తెలియకపోవచ్చు కూడా. నా పనికి మాత్రం 5కి 2 స్టార్లే ఇస్తాను.

చెయ్యి ఆగాక పావు సెకను చూసి ఒక్కసారి వెతికేలా మారిస్తే చాలు, మళ్ళీ కొత్త వెర్షన్‌కే వస్తాను. ఫిబ్రవరి 11న ఘంటసాలగారి వర్ధంతికి మాకు ప్రోగ్రాం ఉంది, మూడు గంటలూ చీటీల మీదే నడుస్తుంది. దానికి పాత వెర్షన్ పెట్టుకునే వెళ్తున్నాను.