అరకు కాఫీ తోట చూడాలంటే పల్పర్ తిరిగే పూట వెళ్లండి

అనంతగిరి ఘాట్ రోడ్డు పక్కన ‘కాఫీ ప్లాంటేషన్ టూర్’ బోర్డు పెట్టి తలకు 350 రూపాయలు గుంజే చోట్ల ఆగకండి. ఆ డబ్బుకి మాకు దక్కింది సిల్వర్ ఓక్ చెట్ల కింద పావుగంట నడక, మిరియాల తీగ పక్కన ఫొటో, చివర్లో పొడి అమ్మే కొట్టు. ఇవి ఏ రకం మొక్కలని అడిగితే గైడ్ ‘అరబికా సార్’ అని ఊరుకున్నాడు. అరబికా అనేది జాతి. అందులో కావేరి, ఎస్.795, సెలక్షన్ 9 అని రకాలుంటాయి, రకాన్ని బట్టి మొక్కల ఎడం, తెగుళ్లను తట్టుకునే బలం, రుచి అన్నీ మారతాయి. రోజూ అదే తోటలో తిరిగే మనిషికి ఆ మాత్రం తెలియదంటే టూర్ ఎందుకు? పైగా ‘ప్యూర్ అరకు’ అంటూ 380 రూపాయలకి అంటగట్టిన పావుకిలో ప్యాకెట్ వెనక చీమతలకాయంత అక్షరాల్లో ‘చికోరీ 40 శాతం’ అని ఉంది. చికోరీ అనే వేరు పొడి కలపడం తప్పేమీ కాదు. కాఫీ కనీసం 51 శాతం ఉండి, ఎంత కలిపారో అచ్చు వేస్తే చట్టం ఒప్పుకుంటుంది. దాన్ని ప్యూర్ అనడమే మోసం. ప్యాకెట్ తిప్పి చూడకుండా డబ్బులు తీయొద్దు.

విశాఖ నుంచి కిరండూల్ రైలు, బొర్రా గుహలు, ఊళ్లోని కాఫీ మ్యూజియం అన్నీ బాగానే ఉన్నాయి, వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు.

అసలు తోట అరకు దాటి లోపలికి వెళ్లాక దొరికింది. రెండెకరాల లోపు భూమి ఉన్న గిరిజన కుటుంబం, ఇంటి పక్కనే అద్దెకిచ్చే రెండు గదులు. రాత్రికి గదికి 1,200, భోజనం మనిషికి 180. కట్టెల పొయ్యి మీద కాగిన వేణ్ణీళ్లు బకెట్‌తో తెచ్చిస్తారు. ఫోన్ సిగ్నల్ ఉండదు. మా బావగారు మొదటి పూటంతా ముఖం మాడ్చుకునే ఉన్నారు, సాయంత్రం పల్పర్ (కాఫీ పండు తొక్క తీసే యంత్రం) తిరగడం మొదలయ్యాక ఆయన్ని అక్కడి నుంచి కదపడం మా తరం కాలేదు.

ఇక్కడ కోత నవంబర్‌లో మొదలై జనవరి దాకా సాగుతుంది. పండ్లన్నీ ఒకేసారి పండవు కాబట్టి ఒక్కో మొక్క చుట్టూ మూడు నాలుగు సార్లు తిరగాలి. నిండా ఎర్రబడినదే కోయాలి. పచ్చికాయ కలిస్తే కప్పులో వగరు, నల్లబడేదాకా వదిలేస్తే పులిసిన వాసన. కోసిన పండ్లని నీళ్లలో పోసి తేలినవి తీసేస్తారు. అవి బోలు గింజలవో, పురుగు తిన్నవో అయి ఉంటాయి. వాటిని పారేయరు, విడిగా ఎండబెట్టి మామూలు చెర్రీ (తొక్కతోనే ఎండిన పండు) కింద అమ్ముతారు.

కోసిన రోజే తొక్క తీయాలి, రాత్రంతా గోనెలో ఉంచితే లోపల వేడెక్కి పులిసిపోతాయి. చేత్తో తిప్పే పల్పర్‌లో కిటుకంతా డ్రమ్ముకీ పలకకీ మధ్య సందులో ఉంది. సందు ఎక్కువైతే గింజలతో తొక్క కూడా వచ్చేస్తుంది, తక్కువైతే గింజ చిట్లుతుంది. చిట్లిన గింజ పులియబెట్టేటప్పుడే నల్లబడి ఆ వాసన మిగతావాటికీ అంటిస్తుంది. మొదటి కోత పండు, చివరి కోత పండు ఒకే సైజులో ఉండవు. అందుకే ఆ ఇంటావిడ ప్రతిసారీ మొదటి గుప్పెడు తిప్పి, గింజల్ని దీపం వెలుగులో చూసి, మర బిగించి, మళ్లీ తిప్పుతుంది. పని అయ్యాక మూలల్లో ఇరుక్కున్న గింజల్ని పుల్లతో గెలికి తీస్తుంది. ఒక్క పాత గింజ మిగిలినా రేపటి గింజలకి చేటే.

జిగురు పట్టిన గింజల్ని పులియడానికి నీళ్లు పోయకుండా మూతపెట్టి ఉంచుతారు. డిసెంబర్ చలికి 24 నుంచి 36 గంటలు పడుతుంది, ఎండలు ముదిరితే అందులో సగం చాలు. గడియారం చూసి దించకూడదు. గుప్పెడు తీసి కడిగి నలిపితే గులకరాళ్లలా గరగరమనాలి. ఇంకా జారుతుంటే జిగురు పోలేదన్నమాట. మించిపోతే వెనిగర్ కంపు వస్తుంది, ఆ గింజని ఎంత బాగా వేయించినా లాభం లేదు. తర్వాత నీళ్లు తేటగా వచ్చేదాకా కడగడమే.

ఆరబెట్టడం నేల మీద కాదు, వెదురు కాళ్ల మీద వల పరిచిన బల్లల మీద. పలచగా పరిచి గంటకోసారి కలుపుతారు. మిట్టమధ్యాహ్నం ఎండ మరీ తీక్షణంగా ఉంటే నీడవల కప్పాలి, లేకపోతే పైపొర పగులుతుంది. పొద్దు వాలకముందే టార్పాలిన్ కప్పాలి, ఈ లోయ మంచు చాలా చెడ్డది. వారం, పది రోజులకి తేమ 11 శాతానికి దిగుతుంది. అంతకంటే ముందే మూట కడితే బూజు, మరీ ఎండితే బరువూ రుచీ రెండూ పోతాయి. పండుని పండుగానే ఎండబెట్టే నేచురల్ పద్ధతికి రెండు మూడు వారాలు పడుతుంది. మొదటి నాలుగు రోజులు కలపడం ఆలస్యమైతే బూజు ఖాయం.

తోటలో ఒకచోట కాండం మీద ఉబ్బిన గీతలు, పైన పసుపు తిరిగిన ఆకులు చూపించారు. తెల్ల కాండం తొలుచు పురుగు. మందు కొట్టినా లోపలి పురుగు చావదు, మొక్క పీకి కాల్చేయడమే. ఈ పురుగే ఎదిగి పెంకుపురుగు అవుతుంది, అది నీడ పలచబడిన చోటే గుడ్లు పెడుతుందట, సిల్వర్ ఓక్ కొమ్మలు ఇష్టం వచ్చినట్టు నరకకపోవడానికి కారణం అదే.

ధర గురించి గొణిగేవాళ్లకి ఒక లెక్క. 100 కిలోల పండ్లకి సుమారు 20 కిలోల పార్చ్‌మెంట్ (పొట్టుతో ఎండిన గింజ), పొట్టు తీస్తే 16 కిలోల పచ్చిగింజ, వేయిస్తే 13, 14 కిలోలు. అందుకే ఆ ఇంట్లో పావుకిలో 400 అంటే బేరం ఆడాలనిపించలేదు. రోడ్డు పక్కన చికోరీ ప్యాకెట్‌కి 20 రూపాయలే తక్కువ పెట్టాం మరి.

వెళ్లేవాళ్లు డిసెంబర్ మొదలు జనవరి సగం లోపు వెళ్లండి. గది అడిగే ముందు ‘ఈ వారం పల్పర్ తిప్పుతారా?’ అని అడగండి. సమాధానం సూటిగా రాకపోతే అది తోట కాదు, లాడ్జి. పూత కోసమైతే వేసవిలో తొలి వాన పడిన పదో రోజు అటూ ఇటూగా ఉండాలి, పూలు రెండు మూడు రోజులే నిలుస్తాయి. గింజలుగానే కొనండి, వేయించిన తేదీ సంచి మీద రాయించుకోండి. తిరుగు ఆటోకి 500 అడుగుతారు, 350కి వస్తారు, తెల్లవారుజామున కావాలంటే మాత్రం ముందురోజే చెప్పి ఉంచాలి.