ఇంటి పొయ్యి మీద చైనీస్: ఫ్రైడ్ రైసా, నూడుల్సా, మంచూరియానా?

హైదరాబాద్‌లో సాయంత్రమైతే ఏ వీధి మలుపు తిరిగినా ఫాస్ట్‌ఫుడ్ బండి కనిపిస్తుంది. దాని పొయ్యి హోరు రోడ్డు అవతలికి వినిపిస్తుంది, మంట బాణలి అంచు దాటి లేస్తుంది. ఆ రుచిలో సగం వాటా ఆ మంటదే. మన వంటింట్లో పెద్ద బర్నర్ కూడా సుమారు 2 నుంచి 3 కిలోవాట్ల వేడే ఇస్తుంది. బండి పొయ్యి, హోటల్ పొయ్యి దానికి ఎన్నో రెట్లు. అందుకే ఇంట్లో చైనీస్ ఏది చేయాలని ఎవరు అడిగినా, ముందు ఆ వంటకు ఎంత మంట కావాలో చూసుకోమంటాను.

ఫ్రైడ్ రైస్‌తో ఒక వెసులుబాటు ఉంది. మంటలో ఉన్న లోటును అన్నంతో పూడ్చుకోవచ్చు. బాస్మతి అయితేనే మెతుకు విడివిడిగా వస్తుందని చాలామంది నమ్మకం. నా ఓటు మాత్రం మనం రోజూ వండుకునే సోనా మసూరికే. బాస్మతి సువాసన బిర్యానీకి అందం. సోయా సాస్, వెల్లుల్లి పక్కన అది అనవసరంగా పోటీకి వస్తుంది. పొట్టి మెతుకైన సోనా మసూరి సాస్‌ను చక్కగా పట్టుకుంటుంది, గరిటెతో కలిపినా విరగదు. అయితే బియ్యం పాతవై ఉండాలి. కొత్త బియ్యం ఎంత జాగ్రత్తగా వండినా ముద్ద కడతాయి.

కుక్కర్‌లో వండిన అన్నం ఈ పనికి రాదు. ఎసరు ఎక్కువ పెట్టి, పలుకు మీద ఉండగానే గంజి వార్చాలి. మెతుకుల మీది జిగురంతా గంజితో పోతుంది. తరవాత అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, ఆవిరి పోగానే మూతపెట్టి రాత్రికి ఫ్రిజ్‌లో ఉంచాలి. చల్లబడే కొద్దీ అన్నంలోని పిండిపదార్థం గట్టిపడి మెతుకు బిగుసుకుంటుంది. తెల్లారాక చేత్తో చిదిపితే గింజలు రాలినట్టు మెతుకులు విడిపోతాయి. చైనాలో ముందురోజు అన్నాన్ని వాడేదీ ఇందుకే, మన ఇళ్లలో రాత్రి మిగిలిన అన్నానికి పొద్దున పోపు పెట్టుకున్నా బాగుండేదీ ఇందుకే. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: అన్నాన్ని రాత్రంతా బయట వదిలేయకూడదు. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు వండినా చావవు. గది వేడిలో అవి పెరిగి విషం విడుదల చేస్తే, మళ్లీ ఎంత వేయించినా ఆ విషం పోదు. వండిన గంట, రెండు గంటల్లోపే అన్నం ఫ్రిజ్‌లోకి చేరాలి.

గిన్నె విషయంలో నాకు సందేహమే లేదు, మందపాటి ఇనుప బాణలే మేలు. బేగంబజార్ పాత్రల దుకాణాల్లో దొరుకుతుంది. చిన్న మంట మీద ఆలస్యంగా కాగినా, కాగాక ఆ వేడిని నిలుపుకుంటుంది. చల్లటి అన్నం పడగానే చతికిలబడదు. నాన్‌స్టిక్‌ను అంతగా కాల్చకూడదు, 260 డిగ్రీల సెల్సియస్ దాటితే పూత పాడవడం మొదలవుతుంది. ఇనుప బాణలి నుంచి సన్నటి పొగ లేచేదాకా ఆగి, నూనె తిప్పి, ఇద్దరికి సరిపడా అన్నమే ఒక విడతగా వేయాలి. నలుగురు తినాలంటే రెండు విడతలు చేయాల్సిందే. ఒకేసారి కుమ్మరిస్తే అన్నం వేగదు, ఆవిరికి మెత్తబడుతుంది. సోయా సాస్‌ను అన్నం మీద కాకుండా బాణలి అంచు వెంబడి పోయండి. కాలిన ఇనుము తగలగానే అది చుయ్‌మని పొంగుతుంది, బండి దగ్గర వచ్చే వాసనకు కాస్త దగ్గరి వాసన వస్తుంది. సాస్‌లోనే ఉప్పు బాగా ఉంటుంది కాబట్టి విడిగా వేసే ఉప్పు రుచి చూశాకే.

నూడుల్స్ ఇంట్లో కష్టమే. ఉడికించి చన్నీళ్లతో కడిగి నూనె రాసినా వాటిలో తడి మిగులుతుంది, ఆ తడిని ఇగిర్చే మంట మన దగ్గర లేదు. క్యాబేజీ, క్యాప్సికం వదిలే నీరు దానికి తోడవుతుంది. పిల్లలు పట్టుబడితే కూరగాయలను విడిగా వేయించి తీసి, నూడుల్స్‌ను ఒక్కొక్కరికి సరిపడా కలపండి. అందరికీ ఒకేసారి వడ్డించడం మాత్రం కుదరదు.

ఇక మంచూరియా. 1975లో ముంబైలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో నెల్సన్ వాంగ్ అనే వంటవాడు చికెన్ మంచూరియాను రూపొందించారని చెబుతారు. మనకు అలవాటైన వెల్లుల్లి, పచ్చిమిర్చినే తీసుకుని, గరం మసాలా బదులు సోయా సాస్ వేశారట. గ్రేవీ మంచూరియాలో ఎగసే మంటతో పనిలేదు, నెమ్మదిగా ఉడికే పులుసు ఉంది. అది మన పొయ్యికి తెలిసిన విద్యే.

క్యాబేజీ, క్యారెట్ సన్నగా తురిమి, ఉప్పు చల్లి పది నిమిషాలు ఆగి, నీరంతా గట్టిగా పిండేయండి. పిండకపోతే మైదా పోస్తూనే ఉండాలి, ఉండలు రాళ్లవుతాయి. మైదా, కార్న్‌ఫ్లోర్ సమంగా, ఉండ కట్టేంత వరకే. గ్రేవీకి కార్న్‌ఫ్లోర్‌ను చన్నీళ్లలోనే కలపాలి; వేడి నీళ్లలో వేస్తే గడ్డలు కట్టి తీరుతుంది. పాలలా ఉన్న ఆ నీళ్లు మరిగే పులుసులో పడ్డాక, తెల్లదనం పోయి గ్రేవీ గాజులా మెరిసినప్పుడు ఉడికినట్టు. వెనిగర్ దించే ముందే వేయండి. మొదట్లోనే వేసి మరిగిస్తే పులుపు ఆవిరైపోతుంది, గ్రేవీ కూడా పలచబడుతుంది. రంగు కోసం ఎర్ర పొడులు కొననక్కర్లేదు. వరంగల్ చపాటా మిరపకాయలను నానబెట్టి రుబ్బితే ఘాటు తక్కువగా, రంగు నిండుగా వస్తుంది, చిన్నపిల్లలూ తినగలుగుతారు.

కాబట్టి మామూలు రోజున, రాత్రి అన్నం సిద్ధంగా ఉంటే ఫ్రైడ్ రైస్. చుట్టాలు వచ్చిన రోజున గ్రేవీ మంచూరియా, పక్కన వేడి వేడి తెల్లన్నం. ఉండలు మధ్యాహ్నమే వేయించి, గ్రేవీ విడిగా ఉంచి, విస్తళ్లు వేసే ముందు కలిపితే వండినవాళ్లు కూడా అందరితో పాటు కూర్చోవచ్చు. కరకరలాడే పొడి మంచూరియా మీదే మనసు పోతే మాత్రం ఇంట్లో ప్రయాసపడకండి, వీధి చివరి బండి నుంచి తెప్పించుకోండి.