మూడు అకాడమీల వేసవి ఫెలోషిప్: పర్లాకిమిడి నుంచి వెళ్లివచ్చిన విద్యార్థినిగా నా అభిప్రాయం

ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ (ఇన్సా), నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఇండియా (నాసి) అనే మూడు జాతీయ అకాడమీలు కలిసి నడిపే రెండు నెలల వేసవి పరిశోధన ఫెలోషిప్ గురించి రాస్తున్నాను. కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ అయిన బరంపురం ఐసర్‌లో అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ చదివేవారికి చివరి ఏడాది థీసిస్, అంటే సొంత పరిశోధన, కోర్సులోనే భాగం. పర్లాకిమిడిలో జువాలజీ డిగ్రీ చదువుతూ న్యూరోసైన్స్ మీద మనసు పడిన నాకు మాత్రం ల్యాబ్‌లో అడుగుపెట్టడానికి ఈ ఫెలోషిప్ ఒక్కటే దారి అయింది.

దరఖాస్తుకు మార్కుల జాబితాలు, ఏం చేయదలచుకున్నామో తెలిపే చిన్న వ్యాసం, అధ్యాపకుల సిఫారసు లేఖ కావాలి. ఆ లేఖ కోసం చాలా తిరిగాను. చివరి రోజు సాయంత్రానికి గాని చేతికి రాలేదు. ఎంపికైనవారికి భృతితో పాటు రానుపోను రైలు ఛార్జీ కూడా ఇస్తారు కనుక, పలాసలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెంగళూరు వెళ్లడం మా నాన్నగారికి భారం కాలేదు.

నాకు దొరికింది పండ్ల ఈగల ల్యాబ్. మొక్కజొన్న పిండి, ఈస్ట్, అగర్ కలిపి ఉడికించి, ఈగలకు మేతగా సీసాల్లో పోయడంతో పని మొదలైంది. తరువాత మెదడు తీయడం నేర్పారు. ఈగను మంచు మీద ఉంచి, కదలిక ఆగాక మైక్రోస్కోప్ కింద రెండు సన్నని ఫోర్సెప్స్‌తో తల పట్టుకుని, ముందు తొండం లాగివేసి, ఆ కన్నం దగ్గర నుంచి పైపొరను కొద్దికొద్దిగా చీల్చుతూ, మెదడును అంటిపెట్టుకున్న వెండి దారాల వంటి గాలి గొట్టాలను తొలగించాలి. గసగసాల గింజంత కూడా లేని ఆ మెదడులో సుమారు 1,39,000 న్యూరాన్లు (నాడీకణాలు) ఉన్నాయి. ఏ న్యూరాన్ దేనితో కలుస్తుందో చూపే వాటి పూర్తి అనుసంధాన పటం 2024లో వెలువడింది. పన్నెండు రోజుల పాటు ఒక్క మెదడూ చిరగకుండా బయటికి రాలేదు. పదమూడో రోజు వచ్చినప్పుడు, పక్క బల్ల దగ్గరున్న రీసెర్చ్ స్కాలర్ అక్క తన పని ఆపి వచ్చి చూశారు.

ఆ ల్యాబ్‌లో నాకు జరిగిన లోటు కూడా చెప్పాలి. నేను వెతకవలసిన ప్రశ్న ఏమిటో మూడో వారం దాటేవరకు ఎవరూ తేల్చలేదు. అందువల్ల ఎనిమిది వారాల నివేదికలో పదకొండు మెదళ్ల చిత్రాలే మిగిలాయి. వెళ్లేవారు ముందుగానే గైడ్‌గారికి ఉత్తరం రాసి ఒక చిన్న ప్రశ్నను ఖాయం చేసుకోవాలని నా గట్టి సలహా. ఈ రెండు నెలలు చేతికి పని నేర్పుతాయి గాని థీసిస్‌కు సరిపోవు. ఇంటికి వచ్చాక, ఉచితంగా అందుబాటులో ఉన్న అదే అనుసంధాన పటంలో నా చిత్రాల్లోని కణాలను వెతికి, వాటికి సంకేతాలు ఎక్కడి నుంచి అందుతున్నాయో లెక్కించి, ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టుగా సమర్పించాను. రెండో ఏడాదిలోనే వెళితే ఈ వ్యవధి దొరుకుతుంది.

ఈ ఫెలోషిప్ అధ్యాపకులకు కూడా ఉందని మా ఊళ్లో చాలామందికి తెలియదు. నా ప్రాజెక్టు చూశాక మా జువాలజీ మేడమ్‌గారు ఈసారి దరఖాస్తు రాస్తున్నారు.