తీర్పుకు ముందు అడగాలా, తర్వాత అడగాలా?

తిరుపతిలో మేము బేస్‌బాల్ ఆడించేటప్పుడు అంపైర్లం ఇద్దరమే: ఒకరు బ్యాటర్ వెనుక బంతి పట్టే క్యాచర్‌కు వెనుక (ప్లేట్ అంపైర్), మరొకరు రన్నర్లు చేరుకోవాల్సిన బేస్‌ల దగ్గర (బేస్ అంపైర్). అమెరికా మేజర్ లీగ్‌లో నలుగురు పంచుకునే మైదానాన్ని ఇద్దరం చూసుకోవాలి. అందుకే తోటి అంపైర్‌ను ఎప్పుడు అడగాలన్న ప్రశ్న మాకు మరింత ముఖ్యం.

గత వేసవిలో ఒక కళాశాల మ్యాచ్‌లో నేను బేస్ అంపైర్‌ని. బ్యాటర్ బంతిని కొట్టి ఫస్ట్ బేస్ వైపు పరుగెత్తాడు. షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య ఉండే ఫీల్డర్) విసిరిన బంతి, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వైపు పక్కకు పోయింది. ఫస్ట్ బేస్‌మన్ ఒళ్లు సాచి అందుకున్నాడు. రన్నర్ కంటే బంతే ముందు వచ్చింది, అందులో సందేహం లేదు. కానీ ఔట్ కావాలంటే బంతి పట్టిన ఫీల్డర్ బేస్‌ను తాకి ఉండాలి. ఆ బేస్‌మన్ కాలు బేస్ మీద ఉందో లేదో నాకు కనబడలేదు, అతని శరీరమే అడ్డు. అయినా ఔట్ ఇచ్చాను. "సార్, కాలు లేచింది, ఆ సార్‌ని ఒక్కసారి అడగండి" అని బ్యాటర్ బతిమాలాడు. నేను అడగలేదు. రన్నర్ వెనుకే లైను వెంట వచ్చిన ప్లేట్ అంపైర్ ఆ కాలు లేవడం చూశాడు. అయితే బేస్‌బాల్ నియమావళిలోని నియమం 8.02 ప్రకారం, తీర్పు ఇచ్చినవారు అడిగితే తప్ప తోటి అంపైర్ కలగజేసుకోకూడదు. మ్యాచ్ అయ్యాక ఆయన ఆ సంగతి చెబితే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అలాగని ప్రతిదానికీ అడగడం మేలు కాదు. బంతి ముందా, రన్నర్ కాలు ముందా అన్నది బేస్ పక్కన ఉన్నవాడే తేల్చాలి. 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో బంతి విసిరే పిచర్ అర్మాండో గలరాగా పర్ఫెక్ట్ గేమ్‌కు (ప్రత్యర్థి ఒక్కరూ బేస్ చేరని మ్యాచ్‌కు) ఒక్క ఔట్ దూరంలో ఉండగా, ఫస్ట్ బేస్ దగ్గర అంపైర్ జిమ్ జాయిస్ పొరపాటున సేఫ్ (నాటౌట్) ఇచ్చాడు. ఆయన కంటే దగ్గరగా మరో అంపైర్ లేడు. అలాంటి తప్పును సరిదిద్దగలిగేది వీడియో ఒక్కటే. ఆ సదుపాయం బేస్‌ల దగ్గరి తీర్పులకు 2014లో గానీ రాలేదు.

తీర్పు ఇచ్చిన తర్వాత అడిగితే చిక్కు మరొకటి. ఫౌల్ (కొట్టిన బంతి గీత బయటికి పోయింది) అన్న మాట వినగానే రన్నర్లు ఆగిపోతారు, ఫీల్డర్లు బంతిని వదిలేస్తారు. ఆ తర్వాత కాదంటే ఎవరిని ఏ బేస్ మీద నిలబెట్టాలి? చెక్ స్వింగ్, అంటే బ్యాటర్ బ్యాట్ సగం ఊపి ఆపేయడం, ఒక్కటి వేరు. ప్లేట్ అంపైర్ బాల్ (బ్యాటర్‌కు అనుకూలమైన తీర్పు) అన్నాక క్యాచర్ గానీ మేనేజర్ గానీ కోరితే బేస్ అంపైర్‌ను అడిగి తీరాలి, అది నియమమే. ఆ బాల్ స్ట్రైక్‌గా (బ్యాటర్‌కు వ్యతిరేకమైన తీర్పుగా) మారవచ్చు కాబట్టి బేస్‌ల మీద ఉన్న రన్నర్లు కనిపెట్టుకుని ఉండాలి.

బేస్‌మన్ కాలు లేచిందా అన్న సందేహం ఉన్న సందర్భంలో మాత్రం ముందే అడగడం మేలని నా గట్టి నమ్మకం. అప్పటికి ఆట దాదాపు ఆగి ఉంటుంది, రెండు క్షణాల ఆలస్యంతో ఎవరికీ నష్టం లేదు. థర్డ్ బేస్ మీద రన్నర్ ఉంటే ప్లేట్ అంపైర్ హోమ్ వదిలి రాలేడు, దూరం నుంచే చూడాలి. అప్పుడు కూడా నాకు కనబడని కాలు ఆయనకు కనబడే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు మ్యాచ్‌కు ముందే చెట్టు నీడలో నిలబడి ఒప్పందం చేసుకుంటున్నాం. నేను ఆయన వైపు చెయ్యి చూపి "కాలు ఉందా?" అంటాను. ఆయన "ఉంది" లేదా "లేచింది" అంటాడు. ఆ తర్వాతే నా చెయ్యి లేస్తుంది.